ఉద్యోగం చేస్తూ అకౌంట్స్ రాసే పని పెట్టుకోవచ్చా? చేయొచ్చు, ముందు బ్యాంకు కలపడం నేర్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: బీకాం అయి ఆరేళ్ళయింది. టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద మూడు నెలల కోర్సు చేశారు. ఇప్పుడు ఖమ్మంలో ఒక ప్రైవేటు సంస్థలో బిల్లింగ్ పని చేస్తున్నారు. సాయంత్రాలు, ఆదివారాలు చిన్న షాపులకు అకౌంట్స్ రాసి నెలకు పది వేలు అదనంగా సంపాదించాలని ఉంది. ఎంత నేర్చుకుంటే సరిపోతుంది, మొదటి షాపు ఎలా దొరుకుతుంది, ఎంత అడగాలి, తప్పు జరిగితే ఎవరి మీద పడుతుంది, టాలీ మంచిదా జోహో బుక్స్ మంచిదా అని అడిగారు.

చేయొచ్చు. రోజుకు గంటన్నర కూర్చోగలిగితే ఆరు నెలల్లో మొదటి షాపు తీసుకునే స్థితికి వస్తారు. పది వేలు కూడా సాధ్యమే, అందుకు నాలుగు షాపులు చాలు. అయితే ఎక్కువమంది చేసే పొరపాటు మీరు చేయకండి. టాలీలో ఎంట్రీ కొట్టడం రాగానే, జీఎస్టీ రిటర్న్ ఒకటి ఫైల్ చేయగానే పని వచ్చేసిందనుకుని షాపులు ఒప్పుకుంటారు. షాపు యజమాని మీకు డబ్బిచ్చేది ఎంట్రీలకు కాదు, కలిసిన లెక్కకు. పుస్తకంలో ఉన్న బ్యాంకు నిల్వ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలవాలి. కొనుగోళ్ళు జీఎస్టీ పోర్టల్‌లోని 2బితో (మనకు అమ్మినవాళ్ళు ఎక్కించిన బిల్లుల జాబితా) కలవాలి. పార్టీల బాకీలు ఆ పార్టీలు ఒప్పుకునే అంకెతో కలవాలి. ఈ మూడూ ప్రతి నెలా కలపడం వచ్చిన రోజు మీరు అకౌంటెంట్. అప్పటిదాకా డేటా ఎంట్రీ చేస్తున్నట్టే.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. విజయవాడ వన్ టౌన్‌లో 2008లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరాను. అప్పుడు వ్యాట్ రోజులు, నెలనెలా వ్యాట్ 200 ఫారం నింపేవాళ్ళం. 2011 నుంచి ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళు, రెండు షాపులతో మొదలుపెట్టి, పద్దులు రాశాను, ఆడిటర్ గారికి చెప్పే చేశాను. 2013లో సొంతంగా మొదలుపెట్టాను. ఇప్పుడు 23 షాపులు చూస్తున్నాం, నాతో పాటు ఇద్దరు పని చేస్తున్నారు. కాబట్టి మీరు ఇప్పుడున్న చోట నేనూ రెండేళ్ళు ఉన్నాను.

నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి

కంప్యూటర్ పక్కన పెట్టి ఒక పొడవాటి నోటుపుస్తకం కొనండి. మీ ఇంటి లావాదేవీలనే ఒక నెల పాటు జమా ఖర్చు పద్ధతిలో రాయండి. జీతం వచ్చింది, అద్దె కట్టారు, చీటీ కట్టారు, స్నేహితుడికి అప్పిచ్చారు, ఫోన్ ఈఎంఐ కట్టారు. ప్రతిదానికీ రెండు వైపులు రాయాలి. ఇంటర్‌లో చదివిన చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) గుర్తున్నాయి కదా, ఆ మూడు మెట్లూ చేత్తో దిగండి. చీటీ కట్టిన డబ్బు ఖర్చా, ఆస్తా? అద్దె అడ్వాన్స్ ఖర్చా, ఆస్తా? ఈ రెండు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే షాపు పుస్తకంలో సగం చిక్కులు విడిపోతాయి. నాకు ఈ పద్ధతి నేర్పింది ఒక బట్టల హోల్‌సేల్ షాపులోని పెద్ద గుమాస్తా గారు. దీపావళికి కొత్త పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టి మొదటి పేజీ రాసే తరం ఆయనది. కంప్యూటర్ ముట్టుకోలేదు గానీ అంకణాలో తేడా వస్తే పది నిమిషాల్లో పట్టేవారు.

ఆయన చెప్పిన రెండు చిట్కాలు ఇప్పటికీ వారానికొకసారైనా నాకు పనికొస్తాయి. తేడా 9తో భాగించబడితే ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయని అనుమానించాలి. 7,530 బదులు 7,350 కొడితే తేడా 180, అది తొమ్మిది ఇరవైలు. తేడా సరి సంఖ్య అయితే దానిలో సగం మొత్తం కోసం వెతకాలి, డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడి ఉండవచ్చు. టాలీలో అంకణా ఎప్పుడూ కలిసే కనిపిస్తుంది కాబట్టి ఇవి పాతబడ్డాయనుకోకండి. బ్యాంకు కలపేటప్పుడు, పార్టీ స్టేట్‌మెంట్ కలపేటప్పుడు ఇవే కావాలి.

ఆ తర్వాత టాలీ. లైసెన్సు లేకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో నేర్చుకోవచ్చు. నెలలో 1, 2, 31 తేదీలతో మాత్రమే ఎంట్రీలు పడతాయి, సాధనకు అది చాలు. దొంగ కాపీలు మాత్రం పెట్టుకోకండి. ఇతరుల లెక్కలు ఉండే కంప్యూటర్‌లో అలాంటివి ఉంటే ఒకరోజు డేటా మొత్తం పోతుంది. ఎఫ్4 నుంచి ఎఫ్9 దాకా కీలతో వేసే వోచర్లు (ఎంట్రీ రకాలు) మీకు కోర్సులో చెప్పే ఉంటారు. కోర్సుల్లో సాధారణంగా చెప్పనిది బ్యాంకు రీకన్సిలియేషన్, అంటే పైన చెప్పిన బ్యాంకు కలపడం. దాని మీద ఒక నెల పూర్తిగా పెట్టండి.

అసలైన సాధన: ముగిసిపోయిన ఏడాదిని మళ్ళీ రాయడం. నా దగ్గర చేరిన ప్రతి ఒక్కరికీ ముందు ఇచ్చే పని ఇదే. మీకు బాగా తెలిసినవాళ్ళ చిన్న షాపు ఒకటి చూసుకోండి. బంధువుల మెడికల్ షాపు, మీ వీధి ఎలక్ట్రికల్ షాపు, ఏదైనా సరే. రిటర్నులు వేసేసిన పాత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, కొనుగోలు బిల్లులు, అమ్మకాల రిపోర్టు అడగండి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా మొత్తం మీరే మళ్ళీ రాయండి. చివరికి మీకు వచ్చిన లాభం, స్టాకు, బాకీలు ఆడిటర్ గారు తయారుచేసిన ఫైనల్ అకౌంట్స్‌తో పోల్చండి. తేడా వచ్చిన ప్రతి లైనూ ఒక పాఠం. జవాబులు ముందే ఉన్న ప్రశ్నపత్రం ఇది. తప్పు చేసినా ఎవరికీ నష్టం లేదు. ఉచితంగా చేస్తున్నారు కాబట్టి అడగడానికి మొహమాటం ఉండదు. ఇది పూర్తిచేయడానికి మీకు రెండు మూడు నెలలు పడుతుంది, ఆ సమయాన్ని కుదించకండి.

బ్యాంకు కలపేటప్పుడు నిజంగా ఎదురయ్యేవి

పుస్తకాల్లో ఉదాహరణ ఎప్పుడూ ఒకటే, చెక్కు ఇచ్చాం, ఇంకా బ్యాంకులో పాస్ కాలేదు. ఇప్పటి షాపుల్లో కష్టం వేరే చోట ఉంది. క్యూఆర్ కోడ్ మీద రోజుకు నలభై మంది డబ్బు కొడతారు. కొన్ని యాప్‌లు ఆ మొత్తాన్ని కలిపి మర్నాడు ఒకే అంకెగా జమ చేస్తాయి. మధ్యలో సౌండ్ బాక్స్ అద్దె కోసేస్తారు. షాపు బిల్లింగ్‌లో యూపీఐ అమ్మకం 18,640 అని ఉంటుంది, బ్యాంకులో 18,515 పడుతుంది. ఆ 125 ఏమిటో తెలియక అనామతు ఖాతాలో (ఏమిటో తేలని మొత్తాలను తాత్కాలికంగా వేసే ఖాతా) పడేసేవాళ్ళను చూశాను. ఏడాది చివరికి అనామతు ఖాతాలో రెండు లక్షలు పేరుకుపోతాయి, అప్పుడు ఎవరూ విప్పలేరు. యాప్ సెటిల్‌మెంట్ రిపోర్టు ప్రతి నెలా దించుకోండి, ప్రతి యాప్‌కూ టాలీలో ఒక లెడ్జర్ (విడి ఖాతా) పెట్టండి. అమ్మకం ఆ లెడ్జర్‌లోకి వెళ్ళాలి, బ్యాంకులో పడిన డబ్బు అందులోంచి రావాలి, కోసిన అద్దె ఖర్చులోకి పోవాలి. నెలాఖరున ఆ లెడ్జర్‌లో మిగలాల్సింది చివరి రోజు అమ్మకం మాత్రమే.

రెండోది, ఇల్లూ షాపూ ఒకే ఖాతా. మేం చూసే ఒక హార్డ్‌వేర్ షాపులో అమ్మాయి కాలేజీ ఫీజు, ఇంటి కరెంటు బిల్లు, పాలవాడి డబ్బు అన్నీ కరెంట్ అకౌంట్ నుంచే పోయేవి. మా కన్నా ముందు రాసినతను అన్నీ ఖర్చుల్లో వేశాడు. అవి సొంత వాడకాలు, యజమాని పెట్టుబడి ఖాతా నుంచి తగ్గాలి, షాపు ఖర్చు కాదు. యజమానిని మార్చాలని మీరు పట్టుబట్టకండి, మొదటి నెలలోనే వాదన పెట్టుకుంటే పని పోతుంది. స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి, ఆయన పక్కన కూర్చుని, తెలియని ప్రతి లైను పక్కనా పెన్సిల్‌తో రాయించుకోండి. మూడు నెలలు అలా చేస్తే ఆయనకే విసుగొచ్చి ఇంటికి వేరే ఖాతా తెరుస్తారు. మా హార్డ్‌వేర్ షాపు ఆయన నాలుగో నెలలో తెరిచారు.

మూడోది, క్యాష్ నెగెటివ్. చేతిలో ఉన్న నగదు సున్నా కన్నా తక్కువ ఉండడం ఈ భూమ్మీద సాధ్యం కాదు. అయినా చాలా షాపుల టాలీలో క్యాష్ లెడ్జర్ క్రెడిట్, అంటే మైనస్, చూపిస్తూ ఉంటుంది. ఒక షాపులో నెలకు నగదు అమ్మకం నాలుగు లక్షలు, బ్యాంకులో వేసిన నగదు నాలుగు లక్షల అరవై వేలు. ఆ అరవై వేలు ఎక్కడివి అంటే యజమాని పాడుకున్న చీటీ డబ్బు. ఆయన చీటీ కట్టిన ప్రతి నెలా అది 'ఇతర ఖర్చులు' కింద రాశారు, పాట డబ్బు వచ్చినప్పుడు అసలు రాయలేదు. రెండు తప్పులూ సరిదిద్దితే క్యాష్ కలిసింది, ఆ ఏడాది లాభం కూడా మారింది. నెగెటివ్ కనిపించగానే ఏదో ఒక ఎంట్రీ వేసి సున్నా చేయకండి. ఎక్కడో ఒక నిజమైన డబ్బు రాయకుండా వదిలేశారని అది మీకు చెబుతోంది, దాన్ని వెతకండి.

జీఎస్టీలో మీకు కావలసినంత

ముందు ఒక చిన్న లెక్క కాగితం మీద వేయండి. లక్ష రూపాయల సరుకు 18 శాతం పన్నుతో కొన్నారు, కట్టింది 1,18,000. దాన్ని 1,30,000కి అమ్మారు, పన్ను 23,400 వసూలు చేశారు. ప్రభుత్వానికి కట్టాల్సింది 23,400లో 18,000 పోగా 5,400. లాభం ముప్పై వేలు. కొనుగోలును 1,18,000 అని, అమ్మకాన్ని 1,53,400 అని పన్నుతో కలిపి రాసేస్తే లాభం 35,400 అని కనిపిస్తుంది, అది తప్పు. ఇది మరీ చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, నా దగ్గరికి సరిచేయమని వచ్చిన పుస్తకాల్లో ఎక్కువసార్లు కనిపించిన తప్పు ఇదే. కొనుగోలులో కట్టి, ఇలా తగ్గించుకునే పన్నునే క్రెడిట్ అంటారు. ఇంకొకటి గుర్తుంచుకోండి, కేంద్రం వాటా అయిన సీజీఎస్టీ క్రెడిట్‌తో రాష్ట్రం వాటా అయిన ఎస్‌జీఎస్టీ కట్టడం కుదరదు, అలాగే అటు నుంచి ఇటూ కుదరదు. ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం నుంచి కొన్నప్పుడు కట్టే పన్ను) క్రెడిట్ ఉంటే ముందు దాన్ని పూర్తిగా వాడాలి.

మీరు ఖమ్మంలో ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. సరుకు అమ్మేవాళ్ళకు టర్నోవర్ 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అని వీడియోల్లో చెబుతుంటారు. అది మా ఆంధ్రప్రదేశ్‌లో నిజం. తెలంగాణలో సరుకులకూ ఆ పరిమితి 20 లక్షలే. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు. సరిహద్దులోని మధిర దాటి ఇటు వస్తే మారిపోయే ఈ అంకె విషయంలో ఒక షాపుకు తప్పు చెబితే, ఆ షాపు రెండేళ్ళ పన్ను చేతి నుంచి కట్టాల్సి వస్తుంది.

నా తప్పు ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుంది. 2022లో ఒక ఎలక్ట్రికల్ షాపుకు రాస్తున్నప్పుడు కొనుగోలు బిల్లులు కొన్ని 2బిలో కనిపించలేదు. బిల్లులు చేతిలో ఉన్నాయి, సరుకు వచ్చింది, డబ్బు కూడా బ్యాంకు ద్వారా వెళ్ళింది. సప్లయర్ మూడు నెలలకోసారి ఫైల్ చేస్తాడేమో, వచ్చే నెలల్లో పడుతుందిలే అని 38,160 రూపాయల క్రెడిట్ తీసుకున్నాను. ఆ సప్లయర్ అసలు ఫైల్ చేయనే లేదు. పదకొండు నెలల తర్వాత నోటీసు వచ్చింది. క్రెడిట్ వెనక్కి ఇచ్చి, ఏడాదికి 18 శాతం చొప్పున సుమారు 6,300 వడ్డీ కట్టాల్సి వచ్చింది. ఆ వడ్డీ నేనే కట్టాను, ఎందుకంటే 2బిలో లేని క్రెడిట్ తీసుకోకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచే ఉంది, అది తెలుసుకోవడం నా పని. షాపు ఆయన ఇప్పటికీ నాతోనే ఉన్నారు. అప్పటి నుంచి మా ఆఫీసులో ఒకటే పద్ధతి, ప్రతి నెలా 14న 2బి రాగానే దించుకుని, లేని బిల్లుల జాబితా అదే రోజు యజమానికి వాట్సాప్ చేస్తాం. ఆయన సప్లయర్‌కు ఫోన్ చేసి అడుగుతారు. తర్వాతి సరుకు డబ్బు ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఆ ఫోన్‌కు బలం ఉంటుంది.

పార్టీల బాకీలు

ఇది ఎవరూ నేర్పరు, షాపు ఆయనకు మాత్రం అన్నిటికన్నా ఇదే ముఖ్యం. మైలవరం దగ్గర ఒక ఎరువుల షాపుకు రాస్తాం. ఖరీఫ్‌లో రైతులు అప్పుకు తీసుకెళ్తారు, వడ్లు అమ్మాక సంక్రాంతి ముందూ తర్వాతా కడతారు. ఒకే ఊళ్ళో వెంకటేశ్వరరావులు ముగ్గురు. ఒకరు కట్టింది ఇంకొకరి ఖాతాలో జమ అయితే, కట్టినాయన షాపు ముందు నిలబడి నలుగురిలో అడుగుతాడు. ఆ అవమానం యజమానిది, కోపం మన మీద. అందుకే లెడ్జర్ పేరులో తండ్రి పేరు మొదటి అక్షరం, ఊరు, ఫోన్ నెంబరు చివరి నాలుగు అంకెలు పెట్టడం మొదలుపెట్టాం. నెలకోసారి ఆరు నెలలు దాటిన బాకీల జాబితా తీసి ఇస్తాం. నిజం చెప్పాలంటే, నా ఫీజు గురించి ఆ షాపు ఆయన ఎప్పుడూ బేరమాడకపోవడానికి కారణం ఆ ఒక్క కాగితం. రిటర్నులు ఎవరైనా వేస్తారు, ఎవరి దగ్గర ఎంత ఆగిందో చెప్పే మనిషి వాళ్ళకు దొరకడు.

ఉద్యోగంతో పాటు ఎలా కుదురుతుంది

ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. బయట పని చేయకూడదని రాసి ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి. మీ సంస్థకు సరుకు వేసేవాళ్ళు, మీ సంస్థ దగ్గర కొనేవాళ్ళు, అదే వ్యాపారంలో పోటీ ఉన్నవాళ్ళు, వీళ్ళ లెక్కలు ఎంత డబ్బిచ్చినా తీసుకోవద్దు. ఆఫీసు కంప్యూటర్‌లో ఒక్క ఫైలు కూడా తెరవొద్దు.

ఈ పనిలో సమయం కన్నా తేదీలు కష్టం. టీడీఎస్ (చెల్లింపుల్లో కోసిన పన్ను) 7న, జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) పదకొండున, పీఎఫ్, ఈఎస్‌ఐ 15న, 3బి (పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీ రిటర్న్) 20న. మీ బాస్ ఆ రోజే ఆలస్యంగా ఉండమంటారు. అందుకే నా సలహా, మొదటి షాపులు మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్ళను తీసుకోండి. ఏడాది టర్నోవర్ ఐదు కోట్ల లోపు ఉన్నవాళ్ళకు ఆ అవకాశం ఉంది. త్రైమాసికం అయ్యాక జీఎస్టీఆర్-1కు 13 దాకా, మన రెండు రాష్ట్రాల్లో 3బికి 22 దాకా గడువు. మధ్యలో రెండు నెలలు 25లోపు చలానా కడితే సరిపోతుంది. పుస్తకం మాత్రం నెలనెలా రాయాల్సిందే. వాళ్ళ దగ్గర ఇతర వ్యాపారులు కొంటుంటే, ఆ బిల్లులను నెలనెలా 13లోపు విడిగా అప్‌లోడ్ చేసే సౌకర్యం వాడుకోండి, లేకపోతే కొన్నవాళ్ళు క్రెడిట్ రాలేదని గొడవ చేస్తారు.

కుదురుకున్న చిన్న షాపుకు నెలకు ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది, మొదటి మూడు నెలలు దానికి రెట్టింపు. నాలుగు షాపులంటే నలభై గంటలు, అంటే ప్రతి ఆదివారం సగం రోజు, వారంలో నాలుగు సాయంత్రాలు. అంతకు మించి ఉద్యోగంతో పాటు ఒప్పుకోవద్దు. నేను 2012లో ఐదోది ఒప్పుకుని, రెండు నెలలు నిద్ర లేక, పాత షాపు ఒకటి వదులుకోవాల్సి వచ్చింది.

మొదటి షాపు, ఫీజు

పోస్టర్లు, ఇన్‌స్టాగ్రామ్ తర్వాత చూద్దాం. మీ ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఆడిటర్లను కలవండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వాళ్ళ ఆఫీసుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. పుస్తకాలు రాయకుండా బిల్లుల సంచులు తెచ్చే వ్యాపారులు వాళ్ళకు పెద్ద తలనొప్పి. "సార్, ఏడాది మొత్తం మళ్ళీ రాసి మీ ఫైనల్ అకౌంట్స్‌తో కలిపి చూశాను, ఇదిగో ఫైలు" అని చూపించండి. సర్టిఫికెట్ కన్నా ఆ ఫైలు బాగా మాట్లాడుతుంది. నా మొదటి ఆరు షాపుల్లో నాలుగు అలా వచ్చినవే.

ఫీజు టర్నోవర్‌ను బట్టి అడగకండి. ఐదు కోట్ల హోల్‌సేల్ షాపులో నెలకు అరవై బిల్లులే ఉండొచ్చు, అరవై లక్షల కిరాణాలో బ్యాంకు స్టేట్‌మెంట్ తొమ్మిది వందల లైన్లు ఉండొచ్చు. ఒక నెల స్టేట్‌మెంట్, కొనుగోలు బిల్లులు ముందు అడిగి లైన్లు లెక్కపెట్టండి, అప్పుడు చెప్పండి. మేం 150 లైన్ల దాకా నెలకు 2,500, నాలుగు వందల దాకా 4,500 తీసుకుంటున్నాం, జీఎస్టీ రిటర్నులు అందులోనే. నేను మొదలుపెట్టినప్పుడు 600 అడిగాను, దాన్ని పెంచడానికి రెండేళ్ళు పట్టింది. కాబట్టి తక్కువతో మొదలుపెట్టి పెంచుదాంలే అనుకోకండి. పాత నెలల బకాయి పని ఉంటే దానికి వేరే మొత్తం, సగం ముందే తీసుకోవాలి.

ఒక పేజీ ఒప్పందం తెలుగులోనే రాసుకోండి. మీరు ఏం చేస్తారు, వాళ్ళు ఏ తేదీకి ఏ కాగితాలు ఇవ్వాలి, ఫీజు ఎప్పుడు, ఆలస్య రుసుము ఎవరిది. మాది ఇలా ఉంటుంది: ఐదో తేదీకి కాగితాలు ఇచ్చి కూడా రిటర్న్ ఆలస్యమైతే రుసుము మాది, ఐదు దాటాక ఇస్తే వాళ్ళది. 3బి ఆలస్యానికి రోజుకు 50 రూపాయలు, పన్నేమీ లేని నిల్ రిటర్న్ అయితే 20. తప్పు జరిగితే ఎవరి మీద అని అడిగారు కదా, పన్నుల శాఖ దృష్టిలో పన్ను బాధ్యత ఎప్పుడూ వ్యాపారిదే, నోటీసు ఆయన పేరునే వస్తుంది. మీ వల్ల జరిగిన తప్పుకు మీరు ఎంత భరిస్తారో ఆ పేజీలో ముందే ఉంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

దాటకూడని గీతలు

ఆడిట్ చేసి సంతకం పెట్టే అధికారం చార్టర్డ్ అకౌంటెంట్‌కే ఉంది. మీ కార్డు మీద 'అకౌంట్స్, బుక్ కీపింగ్' అని రాసుకోండి, 'ఆడిటర్' అని ఎప్పుడూ రాయకండి, మన దగ్గర జనం ఎలాగూ అలాగే పిలుస్తారు, మీరు సరిచేయాలి. కామర్స్ డిగ్రీ ఉంది కాబట్టి జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకునే దారి మీకు ఉంది, కేంద్ర పరోక్ష పన్నుల శిక్షణ సంస్థ నాసిన్ పెట్టే పరీక్ష రాయండి. అది రెండో ఏడాది పని.

పోర్టల్ లాగిన్‌లో మొబైల్ నెంబరు, ఈమెయిల్ యజమానివే ఉండాలి. మా దగ్గరికి వచ్చిన ఒక షాపులో పాత అకౌంటెంట్ తన నెంబరే పెట్టుకున్నాడు. మాటా మాటా వచ్చి విడిపోయాక ఓటీపీ చెప్పలేదు. యజమాని తన పరిధిలోని జీఎస్టీ అధికారి దగ్గరికి గుర్తింపు పత్రాలతో వెళ్ళి మార్పించుకునేసరికి రెండు రిటర్నులు ఆలస్యమయ్యాయి. ఓటీపీ కోసం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేయాల్సి రావడం ఇబ్బందే, అయినా అదే సరైన పద్ధతి.

సరుకు రాకుండా బిల్లు మాత్రం ఎక్కించమని, రెండు పుస్తకాలు రాయమని అడిగేవాళ్ళు మీకూ వస్తారు. 2019లో నెలకు నాలుగు వేలిచ్చే ఒకాయన అలాంటి కొనుగోలు బిల్లులు తెచ్చారు. ఆ రోజే ఆయన కాగితాలన్నీ కట్టగట్టి ఇచ్చేశాను. జీఎస్టీ చట్టంలో తప్పుకు సహకరించినవాళ్ళకు కూడా జరిమానా ఉంది, కానీ నేను చెప్పే కారణం అది కాదు. అలాంటి ఒక్క షాపు ఉందని తెలిస్తే ఆడిటర్లు ఇంకో షాపు పంపరు.

మీ సొంత విషయం కూడా చూసుకోండి. ఈ ఆదాయానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. జీతంతో పాటు ఇది వచ్చాక ఐటీఆర్-1 (జీతం వాళ్ళు వేసే సులువైన ఆదాయపు పన్ను రిటర్న్) వేయడం కుదరదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బివ్వకండి. ఆదాయపు పన్ను పాత నోట్సుతో చదువుతుంటే జాగ్రత్త, 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమలు, సెక్షన్ల నెంబర్లన్నీ మారాయి. జీఎస్టీ రేట్లు కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి మారాయి, 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయాయి. పాత కోర్సు మెటీరియల్‌లోని రేట్లతో సాధన చేయకండి.

అమెరికా కంపెనీల బుక్ కీపింగ్ గురించి కూడా కొందరు మీకు చెబుతారు. హైదరాబాద్‌లో ఆ పని చేసే ఆఫీసులు ఉన్నాయి, డబ్బు బాగానే వస్తుంది, కానీ సాఫ్ట్‌వేర్, పన్ను పద్ధతి, పని వేళలు అన్నీ వేరు. ఇక్కడ నాలుగు షాపులు ఏడాది నడిపాక ఆలోచించండి, బ్యాంకు కలపడం అక్కడా ఇదే.

టాలీనా, జోహో బుక్స్‌నా అన్నదానికి: ఖమ్మం షాపుల్లో, ఆడిటర్ల దగ్గర మీకు ఎక్కువగా కనిపించేది టాలీయే, అది ముందు నేర్చుకోండి. లైసెన్సు ఇప్పుడే కొనకండి, మొదటి షాపు వాళ్ళ దగ్గర ఉంటే అందులోనే, వాళ్ళ కంప్యూటర్ మీదే రాయండి. ప్రతి ఆదివారం లేచే ముందు బ్యాకప్ రెండు పెన్‌డ్రైవ్‌లలో తీసి, ఒకటి యజమాని చేతికి ఇచ్చి రండి.